చింతింపకుడి అను మాట ఎవరికి చెప్పబడెను?
చాంపియన్ రీఫ్స్ నేల మీద నిలిచి చదివిన ఒక బైబిలు పాఠము

పాఠ్యభాగము: మత్తయి 6:19–34
తోడుగా చదువవలసినవి: యోబు 28వ అధ్యాయము, యాకోబు 2:14–17, 5:1–6, 2 కొరింథీయులకు 8:13–15
కంఠత వచనము: మత్తయి 6:33



కొండమీద ప్రసంగములో చింతను గూర్చిన భాగము మనలో చాలమందికి కంఠతా వచ్చును. ఆకాశపక్షులు, అడవిపువ్వులు, సొలొమోను వైభవము అనగానే మిగిలినది మన నోటికి వచ్చును. పెండ్లిలోను చదువుదుము, చావు ఇంటిలోను చదువుదుము. ఇంత తెలిసిన వాక్యము గనుకనే దీనిని మరల నిదానముగా చదువవలసిన అవసరమున్నది.

ఒక ఆదివారము ఆరాధనలో ఒకే బెంచీమీద ఇద్దరు కూర్చున్నారనుకొనుడి. ఒకరు ఫ్యాక్టరీలో ముప్పది ఏండ్లు పనిచేసి రిటైరైనవారు. చేతిలో భవిష్యనిధి సొమ్మున్నది, పిల్లలు బెంగళూరులో ఒకరు, విదేశములో ఒకరు స్థిరపడినారు. ప్రక్కన కూర్చున్న సహోదరి సోమవారము తెల్లవారకముందే మారికుప్పం స్టేషనులో బండి ఎక్కి బెంగళూరుకు పోయి, ఒక ఆఫీసులో నేల తుడిచి, రాత్రికి తిరిగి వచ్చును. కాంట్రాక్టరు ఈ నెల జీతము ఇంకను ఇయ్యలేదు. పాస్టరుగారు మత్తయి 6వ అధ్యాయము చదివి చింతింపకుడి అని బోధించినప్పుడు మొదటివారికి అది జోలపాటవలె ఉండును. రెండవవారికి అది పుండుమీద చేయి వేసినట్లుండును. "రేపు ఇంట్లో బియ్యం లేవు అయ్యగారూ, చింతపడకుండా ఎట్లుండేది?" అని ఆమె అడుగదు. మర్యాదకొరకు ఊరకుండును. అయితే ఆ ప్రశ్న ఆమె హృదయములో ఉన్నది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ పాఠము ఉద్దేశము.

1. ప్రభువు ఎవరితో మాటలాడెను?

కొందరు అనుకొనునట్లు ఇది కడుపు నిండినవారు ఆకలిగొన్నవారికి చెప్పిన ఉపదేశము కాదు. గలిలయలో ప్రభువు చుట్టు చేరినవారు జాలరులు, కూలివారు, పన్నుల భారము మోయువారు, రోగులు. ఒక దినము కూలి ఒక దేనారము అని మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానములో చూచుచున్నాము. సాయంకాలము అయిదు గంటలవరకు సంతవీధిలో పని దొరకక నిలిచియున్నవారిని గూర్చి ప్రభువు చెప్పెను. ఆయనకు ఆ నిలుచుట తెలియును. తలవాల్చుకొనుటకు తనకు స్థలము లేదని మత్తయి 8:20లో ఆయనే చెప్పెను. ఇదే 6వ అధ్యాయములో అనుదినాహారము కొరకు ప్రార్థించుమని నేర్పెను. అన్నము మాట ఆయన దృష్టిలో చిన్నమాట కాదు.

కావున ఈ బోధను మొదట విన్నవారు రేపటి భోజనమును గూర్చి నిజముగా చింతపడుటకు కారణమున్న జనులే. చెప్పినవాడును వారిలో ఒకడే. ఈ సంగతి మరచి, మేడమీద నిలిచి క్రిందివారికి చెప్పిన మాటగా దీనిని వాడినచో, మాట ప్రభువుదైనను స్వరము ఆయనది కాదు.

ఇంకొక సంగతి గమనించుడి. 25వ వచనము "అందువలన" అను మాటతో ఆరంభమగుచున్నది. దేనివలన? దానికి పైన ఉన్నది 24వ వచనము. దేవునికిని సిరికిని ఇద్దరికిని దాసులుగా ఉండలేరని అక్కడ ప్రభువు తేల్చి చెప్పెను. దానికి పైన ధనము కూర్చుకొనుటను గూర్చిన మాటలున్నవి. అనగా చింతను గూర్చిన బోధ ధనమును గూర్చిన బోధలోనుండి పుట్టుచున్నది. ఉన్నవారు 19 నుండి 24 వరకు దాటవేసి 25 నుండి మాత్రమే చదువుట తగదు. మన సంఘములలో మనము చేయుచున్నది తరచుగా అదే.

2. గని ఊరిలో ఈ వాక్యము

కోలారు బంగారు గనుల చరిత్ర మన పెద్దలు చెప్పగా విన్నవారు అనేకులు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు గనుల నిర్వహణ చేపట్టిరి. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, కోలారు జిల్లాల పల్లెలనుండి బీదలైన కూలివారు, అందులో అధికులు అంటరానివారని త్రోసివేయబడినవారు, మూటలు తలకెత్తుకొని వచ్చిరి. తమిళము, తెలుగు, కన్నడము కలిసిన ఊరు ఇట్లు ఏర్పడెను. 1902లో శివనసముద్రమునుండి దాదాపు 150 కిలోమీటర్ల దూరము తీగలు లాగి గనులకు విద్యుత్తు తెచ్చిరి. ఆసియాలోనే అది మొదటి గొప్ప కార్యములలో ఒకటి. చాంపియన్ రీఫ్స్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగెను. అంత లోతున బండ అరవై డిగ్రీలు దాటి కాగును. నూట ఇరువది సంవత్సరముల కాలములో ఈ నేలనుండి తీసిన బంగారము సుమారు 800 టన్నులు.

యోబు 28వ అధ్యాయము చదివినచో ఆ గ్రంథము మన షాఫ్టులను చూచి వ్రాసినట్లుండును. మనుష్యులు భూమి లోతులలో చీకటిని తవ్వి, జనులు నడువని చోట త్రాళ్లకు వ్రేలాడి, పక్షికంటికి తెలియని దారిలో బంగారమును వెదకుదురని అక్కడ ఉన్నది. కేజిలో దిగినవాని కొడుకులకును మనుమలకును ఆ వాక్యము వివరింప నక్కరలేదు. అయితే ఆ అధ్యాయము ప్రశ్న వేరు. ఇంత లోతుకు దిగగల మనుష్యునికి జ్ఞానము ఎక్కడ దొరకును? అది బంగారమునకు దొరకదని, యెహోవాయందలి భయభక్తులే జ్ఞానమని అధ్యాయము ముగియుచున్నది.

ఇప్పుడు మత్తయి 6:19 తీయుడి. భూమిమీది ధనమును చిమ్మటయు తుప్పును తినివేయునని ప్రభువు చెప్పెను. బంగారమునకు తుప్పు పట్టదు గదా అని గని ఊరివాడు అడుగవచ్చును. యాకోబు అయితే 5:3లో బంగారమునకే తుప్పు పట్టినదని చెప్పుచున్నాడు. ఆయనకు లోహముల సంగతి తెలియక కాదు. తరువాతి వచనమే దానికి అర్థము చెప్పుచున్నది. పని చేయించుకొని బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని అక్కడ వ్రాయబడినది. కూలివానికి చేసిన అన్యాయమే బంగారమునకు పట్టిన తుప్పు.

ఈ ఊరిలో ఆ తుప్పు మనుష్యుల ఊపిరితిత్తులలో కనబడెను. బండను తొలిచినప్పుడు లేచు సన్నని రాతిదుమ్మును పీల్చుటవలన సిలికోసిస్ అను జబ్బు వచ్చును. దుమ్ము ఊపిరితిత్తులలో మచ్చలు కట్టి, అవి గట్టిపడి, మనిషి ఆయాసముతో కృశించును. పోయిన శ్వాసను తిరిగి ఇచ్చు మందు లేదు. 1940లలో ఏడు వేలకు మించిన గనికార్మికులను పరీక్షించగా నూటికి నలువదిమందికి పైగా ఈ జబ్బు ఉన్నట్లు తేలెను. దీనికి తోడు లోతున ఒత్తిడికి బండ పగిలి విరుచుకొనిపడు ప్రమాదములు, అనగా రాక్ బరస్టులు. అవి జరిగినప్పుడు పైన లైన్లలోని ఇండ్లు కదిలేవి, గిన్నెలు మ్రోగేవి. ఏ షిఫ్టులో ఎవరున్నారో అని స్త్రీలు షాఫ్టు వైపు పరుగెత్తేవారు.

ఆ స్త్రీల గుండెదడను అవిశ్వాసమని పిలుచుటకు మనకు ధైర్యమున్నదా? ప్రభువు గెత్సేమనే తోటలో కలతపడెను, దుఃఖపడెను. ప్రేమించిన వ్యక్తి అపాయములో ఉన్నప్పుడు కలుగు వణుకును ఆయన ఎన్నడును గద్దించలేదు.

3. ఏ చింత కూడదు?

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో చింతకు వాడిన మాట "మెరిమ్నా". దాని క్రియారూపమే మత్తయి 6:25లో ఉన్నది, వలదని చెప్పబడినది. అయితే అదే క్రియ 1 కొరింథీయులకు 12:25లో మరల కనబడుచున్నది. అక్కడ శరీర అవయవములు ఒకదానిని గూర్చి ఒకటి అదే పని చేయవలెనని చెప్పబడినది. మన తెలుగు బైబిలులో అక్కడ "పరామర్శ" అను అర్థముతో తర్జుమా చేసిరి. ఫిలిప్పీయులకు 2:20లో తిమోతి సంఘమును గూర్చి అట్లు చింతించువాడని పౌలు మెచ్చుకొనెను. 2 కొరింథీయులకు 11:28లో సంఘములన్నిటిని గూర్చిన చింత తనకు దినదినము కలదని పౌలే చెప్పుకొనెను. ఫిలిప్పీయులకు 4:6లో దేనిని గూర్చియు చింతపడవద్దని వ్రాసిన పౌలు కూడ ఇతడే.

దీనినిబట్టి ఏమి తేలుచున్నది? చింత అను బరువు పూర్తిగా మాయము కావలెనని ప్రభువు చెప్పలేదు. ఆ బరువు చేతులు మారవలెనని చెప్పెను. నా రేపటిని గూర్చి నేను ఒంటరిగా మోయు చింత తండ్రికి అప్పగింపబడవలెను (1 పేతురు 5:7). అప్పుడు ఖాళీ అయిన నా చేతులు నా సహోదరుని రేపటిని ఎత్తుకొనవలెను. నేను అతని చింత మోయుచున్నాను, అతడు నాది మోయుచున్నాడు, మనలనందరిని తండ్రి మోయుచున్నాడు. ఇదే సంఘము.

చితకును చింతకును సున్న మాత్రమే భేదమని మన పెద్దలు అందురు. చిత చచ్చినవానిని కాల్చును, చింత బ్రతికినవానిని కాల్చును. ఆ మాట నిజమే. అయితే ఒక్కడే మోసిన చింత కాల్చును. పదిమంది మోసిన చింత పరామర్శ అగును.

ముందుచూపు కూడ అవిశ్వాసము కాదు. గనిలో దిగకముందు పైకప్పు రాయి తట్టి చూచువాడు దేవుని శోధించుటలేదు, దేవుడిచ్చిన బుద్ధిని వాడుచున్నాడు. సామెతలు 6లో చీమను చూచి నేర్చుకొనుమని ఉన్నది. యోసేపు ఏడు సంవత్సరములు ధాన్యము కూర్చెను, దేవుడు దానిని మెచ్చెను. లూకా 12లోని ధనవంతుడును ధాన్యము కూర్చెను, దేవుడు అతనిని వెఱ్ఱివాడనెను. ఇద్దరును కొట్లు నింపిరి. యోసేపు కొట్లు కరవులో జనులకొరకు తెరువబడెను. ధనవంతుడు తన ప్రాణముతో మాత్రమే మాటలాడుకొనెను. అతని మాటలలో నా పంట, నా కొట్లు అనుటయే గాని ఇంకొక మనిషి పేరు లేదు. మన బ్యాంకు పుస్తకమును, చీటీపాటను, ఇన్సూరెన్సును పరీక్షించుకొనుటకు ఇదియే ప్రశ్న: ఇది ఎవరికొరకు తెరువబడును?

4. ఉన్నవారి చింత

లేనివారికే చింత ఉండుననుకొనవద్దు. మత్తయి 13:22లో వాక్యమును అణచివేయు ముండ్లను ప్రభువు చెప్పినప్పుడు లోకపు విచారమును ధనపు మోసమును ఒక్కచోటనే పేర్కొనెను. ఆ రెండును ఒకే పొదలో పెరుగును.

స్థిరపడిన మన కుటుంబముల చింతలు మనకు తెలియనివి కావు. పిల్లవానికి ఇంజనీరింగు సీటు, అమ్మాయికి తగిన సంబంధము, ఇంటి అప్పు, వీసా, పెద్దవయస్సులో చూచువారెవరు అను భయము. ఇవి నిజమైన బరువులే, వీటిని ఎగతాళి చేయరాదు. కాని ఒక భేదమును ఒప్పుకొనవలెను. బీదవాని చింత సాధారణముగా "ఉండునా?" అను ప్రశ్న. మన చింత తరచుగా "ఉన్నది పోవునా? ప్రక్కవానికంటె తక్కువగునా?" అను ప్రశ్న. మొదటిది అన్నము చింత, రెండవది చిమ్మట చింత. మొదటిదానికి ప్రభువు మీ తండ్రికి తెలియునని జవాబిచ్చెను. రెండవదానికి నీ ధనమెక్కడ నుండునో నీ హృదయమును అక్కడనే ఉండునను భావముతో 21వ వచనములో జవాబిచ్చెను. అన్నము చింత గలవానికిచ్చిన ఆదరణను తీసికొని మన చిమ్మట చింతకు పూసికొని, మనకు ఇచ్చిన హెచ్చరికను ప్రక్కకు నెట్టుట దొంగతనమువంటిది.

వలస వచ్చిన జనులలో ఇంకొక బలహీనత కలదు. మన తాతలు ఏమియు లేక వచ్చిరి. చింతపడి, కడుపు కట్టుకొని, బిడ్డలను చదివించిరి. కావున చింతయే మనలను పైకి తెచ్చెనని మన ఇండ్లలో ఒక నమ్మకము. ఆ కష్టమును గౌరవించుదము. కాని ఇల్లు కట్టిన తరువాత కూడ సారువ విప్పకుండ దానిలోనే నివసించుట తగునా? లేమి పోయి మూడు తరములైనను లేమి భయము పోకపోయినచో, ఇచ్చుటకు చేయి తెరచుకొనదు.

5. మన పితరులు కరవులో ఏమి చేసిరి?

తెలుగు బాప్టిస్టులమైన మనకు ఈ విషయములో ఒక గొప్ప సాక్ష్యము కలదు. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో భయంకరమైన కరవు వచ్చెను. ఒంగోలులో సేవచేయుచున్న జాన్ క్లౌ దొరగారు ఆకలిగొన్నవారితో చింతింపకుడి అని మాత్రము చెప్పి పంపివేయలేదు. సర్వే పని ఎరిగినవాడు గనుక బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని కాంట్రాక్టుగా తీసికొనెను. వేలమంది బీదలకు పని, పనికి కూలి దొరకెను. దేశీయ బోధకులే మేస్త్రీలుగా నిలిచి కొలతలు చూచిరి. విశ్రాంతి సమయమున తట్టలు దించి కూర్చున్నవారికి సువార్త చెప్పిరి. వారు చెప్పిన వచనములు ఆ కూలివారి నోటిలో నిలిచిపోయెను.

ఇంకొకటి ముఖ్యము. కరవు ఉన్నంతకాలము ఆయన బాప్తిస్మములు ఇయ్యక ఆపివేసెను. అన్నముకొరకు ఎవరును క్రీస్తు పేరు చెప్పకూడదని ఆయన ఉద్దేశము. సహాయము ఆగినతరువాత కూడ జనులు వచ్చుచునే ఉండిరి. 1878 జూలై 3వ తేదీన వెలంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మందికి బాప్తిస్మమియ్యబడెను. ఆ సంఖ్యను మనము అతిశయముగా చెప్పుకొందుము. ఆ సంఖ్యకు ముందున్న పారను, తట్టను, న్యాయమైన కూలిని కూడ చెప్పుకొనవలెను. 6:33లో రాజ్యముతోపాటు నీతిని వెదకుమని ఉన్నది. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారము కూలివాని కూలి ప్రొద్దు క్రుంకకముందే ఇచ్చుట ఆ నీతిలో భాగము. అతడు బీదవాడు, ఆ కూలిమీదనే ఆశ పెట్టుకొనియుండునని అక్కడ కారణము కూడ చెప్పబడినది. కూలివాని చింతను గూర్చి దేవుడు ధర్మశాస్త్రము వ్రాయించెను.

1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు సంఘములు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపెను. అక్కడి తోటలలో ఒప్పందపు కూలీలుగా ఉన్న తెలుగువారి యొద్దకు ఆయన పోయెను. పంపిన సంఘములు ధనికమైనవి కావు. కరవు చూచిన తరమువారు ఇంకను వారిలో ఉండిరి. అయినను దూరదేశములో ఉన్న మనవారి చింత తమ చింతగా ఎంచిరి. వలసవచ్చిన సంఘములమైన మనకు ఆ ఋణము ఉన్నది.

6. కఠినమైన ప్రశ్న

ఇక్కడ ఒక సందేహమును దాటవేయకూడదు. ఆ కరవులో లక్షలకొలది జనులు చనిపోయిరి. వారిలో ప్రార్థించినవారు లేరా? పక్షులను పోషించువాడు వారిని ఎందుకు పోషింపలేదు? ఈ ఊరిలో 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినప్పుడు మూడున్నర వేల మంది కార్మికులకు పని పోయెను. వారిలో వేకువనే మోకరించినవారు లేరా? నమ్మినవానికి కొదువ ఉండదని సులువుగా చెప్పు బోధ ఈ ఊరిలో నిలువదు.

వాక్యము ఆ సులువైన మాట చెప్పుటలేదు. పౌలు తాను ఆకలిదప్పులు అనుభవించితినని 2 కొరింథీయులకు 11:27లో వ్రాసెను. పిచ్చుక నేల పడదని ప్రభువు చెప్పలేదు, తండ్రి లేకుండ పడదని మత్తయి 10:29లో చెప్పెను. మన పాఠ్యభాగపు చివరి వచనము చూడుడి. రేపు కీడు ఉండదని ప్రభువు చెప్పుటలేదు. ఏనాటి కీడు ఆనాటికి ఉండునని ఒప్పుకొనుచున్నాడు. రేపటి కీడును ఈ రోజే తలకెత్తుకొనవద్దని మాత్రము చెప్పుచున్నాడు. హబక్కూకు 3:17లో అంజూరము పూయలేదు, సాలలో పశువులు లేవు. అయినను ప్రవక్త దేవునియందు ఆనందించెను. కొదువ తీరిన తరువాత కాదు, కొదువ మధ్యనే.

కావున ఆకలి ఎందుకు అను ప్రశ్నకు పూర్తి జవాబు మన చేతిలో లేదు. అయితే 32వ వచనములో ఒక జవాబున్నది. తండ్రికి తెలియును. మోషే కాలములో మన్నా కూర్చుకొన్నప్పుడు ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు (నిర్గమకాండము 16:18). మరునాటికి దాచినది పురుగుపట్టెను. పౌలు 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో ఈ మన్నా సంగతినే తీసికొని, యెరూషలేము బీదలకు చందా ఇచ్చుటకు కారణముగా చూపెను. తండ్రి పంపిన ఆహారము కొన్నిసార్లు దారిలో ఉన్నవాని ఇంటిలో ఆగిపోవుచున్నది. దేవుడు ఎందుకు పోషింపలేదని అడుగుటకు ముందు, ఎవరిచేత పంపెనో, అది ఎక్కడ ఆగెనో మన ఇంటిలో వెదకవలెను.

గనులు మూసినప్పుడు చేతికి వచ్చిన ఏకమొత్తము కొందరికి అప్పులకు, కొందరికి కూతురి పెండ్లికి సరిపోయెను. తరువాత బిడ్డలు రైలు పట్టుకొనిరి. నేటికిని వేలమంది చీకటితో లేచి బెంగళూరుకు పోయి చీకటిపడి వచ్చుచున్నారు. ఊరి మధ్య గడ్డి సరిగా మొలవని సైనైడు దిబ్బలు నిలిచియున్నవి. గాలికాలములో వాటి దుమ్ము ఇండ్లమీద పడును. ఈ దిబ్బల ప్రక్కన నివసించువానితో అడవిపువ్వులను చూడుమని చెప్పునప్పుడు, మొదట వాని ఇంటికి వెళ్లి కూర్చుని చెప్పవలెను.

7. ఏమి చేయుదము?

యాకోబు 2:15–16 మనకు హద్దు గీసినది. వస్త్రములేని వానితో, అన్నము లేని వానితో సమాధానముగా వెళ్లుమని చెప్పి ఏమియు ఇయ్యకపోయినచో ప్రయోజనమేమి? ఒకని చింతలో పాలు పంచుకొన్న తరువాతనే చింతింపకుమని అతనితో చెప్పు అధికారము మనకు కలుగును. కావున ఈ పాఠము చదివిన సంఘములు ఈ సంగతులు ఆలోచించవలెనని కోరుచున్నాము.

మొదటిది, మన స్త్రీల సమాజములు పూర్వము ఆచరించిన పిడికెడు బియ్యపు అలవాటును తిరిగి ఎత్తుదము. ప్రతిపూట ఎసట్లో బియ్యము పోయునప్పుడు ఒక పిడికెడు తీసి ప్రక్కన పెట్టుట. బీదస్త్రీయు చేయగలదు, ధనికురాలును చేయగలదు. తీసికొనువారెవరో ఇచ్చువారెవరో తెలియకుండ పంచవలెను.

రెండవది, మన ఇంటిలో పనిచేయు మనిషికి, మన దుకాణములో పనిచేయు కుఱ్ఱవానికి జీతము చెప్పిన తేదీన ఇత్తుము. ప్రార్థన కూటమునకు వచ్చి చింతను గూర్చి సాక్ష్యమిచ్చి, ఇంటి పనిమనిషిని జీతముకొరకు మూడుసార్లు త్రిప్పువాడు ఈ అధ్యాయమును చదువలేదు.

మూడవది, చదువుకొన్న మన యౌవనులు నెలకు ఒక శనివారము కూర్చుని, వితంతు పెన్షను, వృద్ధాప్య పెన్షను, రేషను కార్డు, భవిష్యనిధి కాగితములు నింపిపెట్టవలెను. ఒక కాగితము సరిగా నింపినందున ఎంత చింత తీరునో ఆఫీసుల చుట్టు తిరిగినవారికి తెలియును.

నాలుగవది, నిద్రపట్టక, గుండె దడదడలాడి, ఏ పనియు చేయలేక కృశించుచున్నవారిని విశ్వాసము చాలదని నిందింపవద్దు. అది జబ్బు కావచ్చును. జ్వరమునకు వైద్యుని యొద్దకు పోవునట్లే దీనికిని పోవలెను. బెంగళూరులో నిమ్హాన్స్ వంటి ఆసుపత్రి మనకు దూరము కాదు. ప్రార్థించుదము, తోడుగా బస్సెక్కి వెళ్లుదము.

అయిదవది, బీదలైన సహోదరీ సహోదరులారా, మీతో ఒక మాట. మీరు దయపొందువారు మాత్రమే కారు. మకెదోనియ సంఘములు నిరుపేదతనములోనే ధారాళముగా ఇచ్చెనని 2 కొరింథీయులకు 8:2లో ఉన్నది. ఉన్నవారి చింతను మోయుటకు దేవుడు మిమ్మునుకూడ పిలిచెను. పిల్లలు దూరదేశములో ఉండి పెద్ద ఇంటిలో ఒంటరిగా ఉన్న ముసలివారి తలుపు తట్టి "బాగుండారా తాతా?" అని అడుగువారు మీరే కావచ్చును. రేపటిని గూర్చి ప్రార్థించుట ఎట్లో మాకు మీరే నేర్పవలెను. అనుదినాహారము దయచేయుమను ప్రార్థన మా నోటిలో పాతపడినది, మీ నోటిలో పడలేదు.

చర్చకు ప్రశ్నలు

1. మత్తయి 6:19–24ను విడిచి 25–34 మాత్రమే చదివినచో ఏ అర్థము పోవును?
2. నీ చింతలలో అన్నము చింత ఏది, చిమ్మట చింత ఏది? ఒక కాగితముమీద వ్రాసికొనుము.
3. యోసేపు కొట్లకును లూకా 12లోని ధనవంతుని కొట్లకును భేదమేమి?
4. మన సంఘములో ఈ నెల జీతము రానివారు, మందులు కొనలేనివారు ఎవరు? మనకు వారి పేర్లు తెలియునా? తెలియకపోయినచో ఎందుకు తెలియలేదు?
5. కరవుకాలములో క్లౌ దొరగారు బాప్తిస్మములు ఆపివేయుట సరియని తలంచెదవా? నేడు సహాయము చేయునప్పుడు మనము జాగ్రత్తపడవలసిన సంగతులేవి?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మాకు ఏమి కావలెనో నీకు తెలియును. మా ప్రక్కవానికి ఏమి కావలెనో మాకును తెలియజేయుము. మా కొట్లు తెరువుము, మా భయము తీయుము. రాత్రి బండి దిగి ఇల్లు చేరు బిడ్డలను కాపాడుము. శ్వాస ఆడక మంచముమీద ఉన్నవారికి తోడైయుండుము. ఈ దినపు కీడు ఈ దినమునకే చాలునని నమ్మి నిద్రించు కృప మాకందరికి దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.